గాలిమరల ముందు ఖాళీ

దుబాయ్ సత్వాలో మేమున్న గదికి నాలుగు కొట్ల అవతల ఒక ఫొటో స్టూడియో ఉండేది. కరోనా తగ్గి, మనుషులు మాస్కులు తీసి మళ్ళీ ఒకరి మొహాలొకరు చూసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సాయంత్రం అటు వెళ్ళాను. స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. లోపలికి వెళ్ళి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన్ని హిందీలో అడిగాను. "భాయ్, ఇక్కడ వెనక గోడకి ఒక సముద్రం ఉండాలి, ఏమైంది?" ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. పెద్దవాణ్ణి కదా అని జాలిపడ్డట్టున్నాడు, బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని చూపించాడు. "సముద్రం అటు చాచా, జుమేరా వైపు. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త."

ఆయన చెప్పింది నిజమే. అసలు సముద్రం మా గది నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేది. కానీ మాలో ఒక్కడు కూడా ఏనాడూ దాని ముందు నిలబడి ఫొటో దిగలేదు. మాకు స్టూడియోలో గుడ్డ మీద వేసిన సముద్రమే సముద్రం. ముందురోజు, అప్పట్లో మా గదిలో ఉండిన మస్తాన్ ఫోన్ చేసి అడిగింది కూడా దాని గురించే. "పేపరన్నా, మన సముద్రం ఇంకా ఉండాదేమో ఒకసారి పొయ్యి చూసి చెప్తావా? మా ఇంటామె జరీనా చూడాలంటా ఉంది. చూపించకుండా ఊరికి పోనంటా ఉంది." ఆ మాటలో ఉన్న ఇరకాటం అర్థం కావాలంటే ముందు మా గది గురించి చెప్పాలి.

నేను ఆ గదిలోకి వచ్చేటప్పటికి నాకు మీసం సరిగ్గా రాలేదు. ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్ల బల్లకి ఆ చివర కూర్చుని ఫొటోల కింద రెండేసి లైన్లు రాయడం నా ఉద్యోగం. గదిలో ఎంతమందిమి ఉండేవాళ్ళమో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. షిఫ్టుల మనుషులు కాబట్టి ఒకడు లేచిన మంచంలో ఇంకొకడు పడుకునేవాడు. కొందరిని నేను నిద్రపోతుండగా తప్ప ఎప్పుడూ చూడలేదు. పగలూ రాత్రీ ఆ గదికి ఒకటే వాసన. తలకి రాసుకున్న కొబ్బరినూనె, ఇస్త్రీ పెట్టె కింద కాస్త మాడిన టెరికాటన్, కిటికీలు మూసి వేయించిన ఎండుచేపలు, కింద దర్జీకొట్టు వాళ్ళు వెలిగించే ఊదు. ఎండుచేపలు వేయించినప్పుడు కిటికీ తెరిస్తే పక్కింటి పఠాన్లు తలుపు కొట్టేవాళ్ళు, మూస్తే మేమే దగ్గి చచ్చేవాళ్ళం. దగ్గడమే మేలని తీర్పు చెప్పింది బాబాయి.

గదిలో పెద్ద ఆయనే. రాజోలు వైపు మనిషి, ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు. మాలో ఎవరికీ చుట్టం కాదు, అందరికీ బాబాయే. ఎవరు ముందు స్నానం చెయ్యాలి, ఎవరు ఉల్లిపాయలు తరగాలి, పెళ్ళాం మీద కోపంతో అన్నం మానేసినవాణ్ణి ఎన్నిసార్లు బతిమాలాలి, అన్నీ ఆయనే తేల్చేవాడు. ఆయన చెప్పాక "ఖలాస్" అనేవాడు, ఇక దాని మీద మాట ఉండేది కాదు. తెల్లటి బనీను, నీలిగళ్ళ లుంగీ, చెవిలో దూది. గొంతు మాత్రం ఎడారిలో ఒంటెని పిలిచినట్టుండేది.

ఆయన పాలనలో అన్నిటికన్నా ముఖ్యమైన కార్యం శుక్రవారం ఫొటో. కొత్తగా వచ్చినవాడో, నిశ్చితార్థం అయినవాడో, ఊళ్ళో బిడ్డ పుట్టినవాడో, లేదా "మీరు చిక్కిపోయారట కదా" అని ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం అందుకున్నవాడో ఆ వారం ఫొటో దిగాలి. వాడికి ఆ రోజు మొదటి స్నానం. తర్వాత బాబాయి వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి చెంపలకి పౌడరు అద్దేవాడు. చిక్కిపోయిన కేసైతే రెండు గ్లాసుల లబన్ మజ్జిగ తాగించి, చొక్కా కింద ఇంకో రెండు చొక్కాలు తొడిగించేవాడు. "ఊపిరి పీల్చి అక్కడే పట్టుకోరా అబ్బాయ్. మీ అమ్మ చూసి ఏడవకూడదు," అనేవాడు. ఊపిరి బిగబట్టి, లబన్ కడుపుతో, మూడు చొక్కాల్లో నాలుగు కొట్ల దూరం నడిచి వెళ్ళడం ఎండాకాలంలో ఎలా ఉంటుందో నేను అనుభవించాను.

స్టూడియో జోసెఫ్ అనే మలయాళీది. అతని దగ్గర ఒకే ఒక్క కోటు ఉండేది, ముదురు నీలం. ఎవరికైనా సరిపోవాలని దాన్ని వెనక మెడ నుంచి అంచు దాకా కోసి నాడాలు కుట్టించాడు. ముందు నుంచి చూస్తే ముదీర్, అదే మేనేజరు, వెనక నుంచి చూస్తే ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న రోగి. గోడకి వేలాడే సముద్రాన్ని జోసెఫ్ బామ్మర్ది ఏదో క్యాలెండరు చూసి గుడ్డ మీద రంగులతో వేశాడు. నీలిమందు కలిపినట్టున్న నీళ్ళు, వరసగా మూడు రాతి గాలిమరలు, వాటి పక్కన ఒక చిన్న కోట, ఒక స్తంభం, స్తంభం మీద జింక. ఆ బామ్మర్దిది అలెప్పీ. కొబ్బరిచెట్టు లేని ఒడ్డుని చూసి ఓర్చుకోలేక గాలిమరల పక్కన తన సొంతంగా ఒక కొబ్బరిచెట్టు కూడా వేశాడు, గెలలతో సహా.

జోసెఫ్ మమ్మల్ని ఎప్పుడూ మధ్యలో నిలబెట్టేవాడు కాదు. ఒక పక్కకి జరిపి, మా పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలేవాడు. "అది మీ భార్యకి," అనేవాడు. ఫొటో ఇంటికి వెళ్ళాక అక్కడి స్టూడియోలో భార్యని విడిగా ఫొటో తీసి, కత్తిరించి, ఆ ఖాళీలో అతికించి, మళ్ళీ ఫొటో తీసేవాళ్ళు. అప్పుడు దుబాయ్‌లో మొగుడూ పెళ్ళాలు జంటగా నిలబడ్డట్టు గోడకి పటం కట్టుకునేవాళ్ళు. దుబాయ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళన్నిటిలో ఇదే పటం ఉండేది, మనుషులు మాత్రమే మారేవాళ్ళు. నాకు పెళ్ళి కాలేదని చెప్పినా జోసెఫ్ ఖాళీ వదిలాడు. "రేపు వచ్చే ఆమె ఎక్కడ నిలబడాలి?" అన్నాడు. నా ఫొటో ఇంటికి చేరాక, రేపు వచ్చే ఆమె కోసం ఎదురుచూడటం ఇష్టంలేక మా అమ్మే స్టూడియోకి వెళ్ళి ఆ చోట్లో నిలబడింది. నా పెళ్ళిచూపుల్లో మా మామగారు ఆ పటం చూసి, "వదినగారు దుబాయ్ కూడా చూశారన్నమాట," అన్నారు. మా అమ్మ కాదనలేదు. బాబాయి ఇంట్లో అయితే ఆ చోటు కోసం భార్యకీ తల్లికీ మాటామాటా పెరిగి, చివరికి ఎవరూ కాకుండా కొత్తగా కొన్న ట్రాక్టరుని అతికించారు. గాలిమరల ముందు బాబాయి, పక్కన ట్రాక్టరు. బాబాయి దాని కాపీని తలగడ కింద పెట్టుకునేవాడు.

ఆ బొమ్మ ఎక్కడిదో నాకు మా ఆఫీసులోనే తెలిసింది. ఒకరోజు ప్రయాణాల పేజీకి ఏజెన్సీ ఫొటో ఒకటి వస్తే, కింద లైన్లు రాయడానికి నా ముందు పెట్టారు. అవే మూడు గాలిమరలు, అదే కోట, అదే జింక. కొబ్బరిచెట్టు లేదు, అంతా కుడి ఎడమలు మారి ఉంది. గ్రీసు దేశంలో రోడ్స్ అనే ద్వీపమట, దాని పాత రేవట. బామ్మర్ది ఏ క్యాలెండరుని వెనక నుంచి చూసి గీశాడో మరి. నేను ఆ కాగితం గదికి తెచ్చి మంచం మీద పరిచాను. అందరూ చుట్టూ చేరారు. తర్వాత ఒకడు, "అయితే మా మామయ్య నన్ను అడిగాడే, గాలిమరల్లో ఏం ఆడిస్తారని, జొన్నలని చెప్పానే," అన్నాడు. ఇంకొకడు ఇంటికి ఉత్తరం రాసి చెప్పేద్దామన్నాడు. బాబాయి చెవిలో దూది సవరించుకుని ఆలోచించాడు. "ఆ దేశం ఎక్కడుందో మనకే తెలీదు. ఇంట్లో ఆడాళ్ళకి ఇప్పుడు కొత్త దేశం చెప్పి కంగారు పెట్టడం దేనికి? ఇది దుబాయే. ఖలాస్."

ఆ రోజు మంచం చివర కూర్చుని విన్నవాడు మస్తాన్. కావలి దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలోనే వచ్చేశాడు. పాత ఇనుము యార్డులో హెల్పరు. ఇత్తడి, రాగి, కంచు చేత్తో బరువు చూసి చెప్పేసేవాడు కానీ మనుషులతో నాలుగు మాటలు కలపాలంటే చెమటలు పట్టేవి. అతని ఫొటోలో ఖాళీని కావలిలో జరీనాతో నింపారు. స్టూడియో వాళ్ళ కొలత కుదరక జరీనా మోకాళ్ళ దగ్గరే అయిపోయింది. కాళ్ళు లేని లోటు కనపడకుండా కింద ఒక క్రోటన్ మొక్క కుండీని అతికించారు. ఆ విధంగా గ్రీసు రేవులో ఒక కుండీలోంచి మొలిచినట్టు జరీనా, పక్కన ఊపిరి బిగబట్టిన మస్తాన్.

తర్వాత గది చెదిరింది. బాబాయి పోయి చాలా కాలమైంది. నేను షార్జాలో కాపురం పెట్టాను, రిటైరయ్యాను. మస్తాన్ యార్డు ఉమ్ అల్ క్వైన్‌కి మారింది, అతను సూపర్‌వైజర్ అయ్యాడు. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. ఆఖరికి, ఇక ఊరికి వెళ్ళిపోయే ముందు రెండేళ్ళయినా ఉంటుందని, ఫ్యామిలీ వీసా తీసి జరీనాని తెచ్చుకున్నాడు. ఆమె దిగీ దిగగానే అడిగిన మొదటి ప్రశ్న ఆ పటంలో చోటు ఎక్కడని.

స్టూడియో లేదని చెప్పడానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. టీవీ పక్కన ఆ పటం ఉంది. కావలి నుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చిందట. జరీనా టీ పెట్టి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మస్తాన్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, పారిపోవడానికి వీలుగా.

"అన్నా, మీరు పేపర్లో చేసినోళ్ళు. మీరు చెప్పండి. ఈయన్ని అడిగితే మొదట కరోనా అని మూసేసినారన్నాడు. సరే అన్నా. కరోనా పొయ్యింది. రోడ్డు పని జరగతా ఉందన్నాడు. తర్వాత ఎవురో షేక్ కొడుకు పెళ్ళి, రానీరు అన్నాడు. మొన్న రాస్ అల్ ఖైమా తీసకపొయ్యి, ఎవురిదో తోటలో నీళ్ళ తొట్టి మీద తిరిగే రేకు రెక్కల్ని చూపించి ఇదే అన్నాడు. నాకు లెక్క రాదా? మూడుండాల. అది ఒకటే."

"మిగతావి రెండూ కూలగొట్టినారు," అన్నాడు మస్తాన్ గుమ్మంలోంచి.

"కోటని?"

"అదీ కూలగొట్టినారు. ఈ దేశంలో ఏదీ ఉంచరు."

"జింకని కూడానా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఊళ్ళో మా ఇంటి గేటుకి మూడు గాలిమరలు ఇనప కడ్డీల్తో చేయించుకున్నా. మా ఇంటిని గాలిమరల ఇల్లంటారు. అది కాదు నాకు. ఆ పటంలో నాకు కాళ్ళు లేవన్నా. ఎవురో కుండీ పెట్టినారు. ఈయన పక్కన ఆ చోట్లో నా కాళ్ళతో నేను ఒకసారి నిలబడాల. వచ్చే నెలతో ఈయన వీసా అయిపోతాది. ఉందంటే చూపించండి, లేదంటే లేదని చెప్పండి."

బాబాయి పెట్టిన చట్టానికి అంతకాలం తర్వాత అక్కడ కాలం చెల్లింది. "ఉందమ్మా. ఇక్కడ లేదు. గ్రీసు దేశంలో ఉంది," అన్నాను.

"మరి ఈయన యాడ నిలబడ్డాడు?"

"సత్వాలో. గుడ్డ ముందు."

"నేను కావలిలో గుడ్డ ముందు నిలబడ్డా." ఆమె పటాన్నీ మస్తాన్నీ మార్చి మార్చి చూసింది. "అంటే మీరూ ఆడ లేరు, నేనూ ఆడ లేను. ఇన్నేళ్ళూ మన కాపురం ఎవురబ్బా చేసింది?"

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్తూ, "అయితే ఆ గ్రీసుకే పోదాం," అంది. మస్తాన్ వెంటపడ్డాడు. అక్కడ చలన్నాడు, హలాల్ దొరకదన్నాడు, భాష రాదన్నాడు. "ఒక్క ఫొటోకి భాషెందుకు? మీరు ఇక్కడ మాత్రం ఏం మాట్లాడతా ఉండారు?" అంది లోపల్నుంచి. బయటికొచ్చాక లిఫ్టు దగ్గర మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కూడా రావాల పేపరన్నా. పొద్దున్నే యార్డుకి పోతా, చీకటి పడినాక వస్తా. ఒక పగలంతా ఆమె ఎదురుగా ఎప్పుడూ లేను. నాకు భయం." ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ నవ్వి, "వెళ్ళి రండి. వాళ్ళ హనీమూన్‌కి మీరు లేకపోతే ఎలా," అంది. తను మాత్రం అక్కడ మెట్లెక్కాలని తెలిసి రానంది.

వీసా కౌంటర్లో అమ్మాయి మస్తాన్‌ని ప్రయాణం ఎందుకని అడిగింది. "ఫొటో," అన్నాడు. "టూరిజమా?" అంటే "కాదు మేడమ్, ఫొటో," అన్నాడు. గతంలో ఆ దేశం వెళ్ళారా అని అడిగితే లేదన్నాడు. జరీనా వెంటనే సంచిలోంచి పటం తీసి అద్దం మీద ఆనించింది. ఆ అమ్మాయి పటం చూసి, మస్తాన్‌ని చూసి, పాస్‌పోర్టు పేజీలు తిరగేసి, లోపల్నుంచి ఇంకో ఆయన్ని పిలిచింది. ఆయన చాలాసేపు పటాన్ని పరిశీలించి అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, ఈవిడ కుండీలో ఎందుకున్నారని. నేను కల్పించుకుని మొత్తం చెప్పాను. ముగ్గురికీ వీసాలొచ్చాయి. నా నలభై ఏళ్ళ పత్రికా రచనలో నేను రాసిన ఏ ముక్కకీ అంత ఫలితం రాలేదు.

రోడ్స్ ఊరు ఉత్సవంలో ఉన్నట్టే ఉంటుంది. ఒడ్డు పొడుగునా గొడుగులు, గొడుగుల కింద ఎర్రగా కాలిన మనుషులు, ప్రతి మూలా పాట, ప్రతి గోడ మీదా పిల్లి. దాన్ని ఆనుకునే రాతి ప్రాకారం లోపల పాత ఊరు. గ్రీకులు కట్టినదాని మీద రోమన్లు, వాళ్ళ మీద శిలువ యోధులు, వాళ్ళ మీద తురకలు, వాళ్ళ మీద ఇటలీ వాళ్ళు, మా గదిలో మంచాల్లాగే, ఒకరు లేవగానే ఇంకొకరు పడుకున్నారు. గులకరాళ్ళని నిలువుగా పొదిగిన సందుల్లో జరీనా చెప్పులు జారుతుంటే, మస్తాన్ రెండడుగులు ముందు నడుస్తూ వెనక్కి చూడకుండా "జాగర్త" అంటున్నాడు. ఒక మలుపులో గులాబీ రంగు మసీదు కనిపించగానే అతనికి కాస్త ధైర్యం వచ్చింది. "మనోళ్ళు ఇంతదూరం వచ్చినారే," అన్నాడు సొంత ఊరి బస్సు కనిపించినట్టు.

రేవు దగ్గర ఒక గైడు గుంపుకి ఇంగ్లీషులో చెబుతున్నాడు. నేను తెలుగులో చెబుతూ వచ్చాను. ఇక్కడ ఒకప్పుడు ఆకాశమంత కంచు విగ్రహం ఉండేదట. రేవుకి అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలబడిందని, ఓడలు దాని కాళ్ళ మధ్యనుంచి వెళ్ళేవని కథ. భూకంపానికి పడిపోయింది. చాలా వందల ఏళ్ళ తర్వాత అరబ్బులు వచ్చి ఆ కంచు ముక్కల్ని అమ్మేస్తే, కొన్నవాడు ఒంటెల మీద తోలుకుపోయాడట.

మస్తాన్ మొదటిసారి ఉత్సాహంగా తలెత్తాడు. "కంచా? అయితే తిరిగి తిరిగి మా యార్డుకే వచ్చుంటాది అన్నా. కంచు యాడికీ పోదు." తర్వాత చుట్టూ చూశాడు. ప్రతి కొట్టులో ఆ విగ్రహమే. కప్పుల మీద, బనీన్ల మీద, తాళంచెవుల గొలుసుల మీద, ఒక్కోదాంట్లో ఒక్కో మొహంతో. "ఈ బొమ్మలన్నీ దాన్ని చూసి గీసినవేనా?"

"చూసినవాళ్ళెవరూ లేరు. ఊహించి గీసినవే. కాళ్ళు అలా పెట్టిందన్నది కూడా నిజం కాదంటారు."

"మరి వీళ్ళని ఎవురూ అడగరా?"

"ఏమని?"

"యాడుందో చూపించమని."

జరీనా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. మస్తాన్ కూడా, లేని విగ్రహంతో ఒక ఊరు ఊరే పరువుగా బతుకుతోందని తెలిశాక, భుజాలు కొంచెం విప్పుకుని నడిచాడు.

కానీ గాలిమరల దగ్గరికి వెళ్ళగానే జరీనా ఆగిపోయింది. పటం చూసింది, ఎదుటికి చూసింది. "ఇది కాదు."

"ఇదే అమ్మా."

"కోట ఇటు ఉండాల, అటు ఉండాది. కొబ్బరిచెట్టు ఏదీ?"

మస్తాన్ పటాన్ని తీసుకుని, వెనక అట్ట విప్పి, ఫొటోని ఎండకి ఎదురుగా పట్టి వెనక వైపు నుంచి చూపించాడు. వెలుగులో గాలిమరలు, కోట, జింక అన్నీ వాటి వాటి చోట్లకి వచ్చి కూర్చున్నాయి. యార్డులో తుప్పు ఇనుముని తిప్పి చూసే మనిషి కదా. "జోసెఫ్ బామ్మర్ది తిరగేసి వేసినాడు. మనం కూడా చోట్లు మారి నిలబడాల. కొబ్బరిచెట్టు వాడు నాటింది," అన్నాడు. జరీనా చాలాసేపు ఆ వెనక ఫొటోని చూసి, తలూపి, చెప్పులు దులుపుకుని వెళ్ళి తన చోట్లో నిలబడింది. కావలి స్టూడియోలో చెప్పినట్టే గడ్డం ఎత్తి, చేతులు ముందు కట్టుకుని. మస్తాన్ ఆమెకి అవతల, జోసెఫ్ నేర్పిన దూరంలో, ఊపిరి బిగబట్టి.

నేను ఫోను పట్టుకుని దగ్గరికి జరగమన్నాను. జరిగాడు. ఆమె కూడా సర్దుకుంది. చూస్తే ఆ దూరం అలాగే ఉంది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ అంతే. పైగా ఆ సందు చూడటానికి దారిలాగే ఉంది. ఐస్‌క్రీములు పట్టుకున్న ఒక జంట వాళ్ళ మధ్యనుంచి వెళ్ళారు. తర్వాత ఒక పిల్లి వెళ్ళింది. తర్వాత జెండా పట్టుకున్న ఒకావిడ వెనక పాతికమంది ముసలివాళ్ళు వరసగా, ఒక్కొక్కళ్ళూ "సారీ" చెబుతూ, ఆ భార్యాభర్తల మధ్యనుంచి నడిచి వెళ్ళారు. మస్తాన్ ప్రతి ఒక్కళ్ళకీ తలూపి దారిచ్చాడు. చివరి ఆయన దాటేసరికి జరీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏందీ ఖాళీ?" అంది.

"నీ కోసమే ఉంచినా గదా," అన్నాడు మస్తాన్, నిజంగా అర్థం కాక. "ఎప్పుడూ నీ కోసమే ఉంచినా."

"నేను వచ్చేసినా గదా! ఇంకా ఎవురి కోసం?"

మస్తాన్ తన పక్కనున్న ఖాళీని, ఆ రాతినేలని, అప్పుడే చూసినట్టు చూశాడు. సరిగ్గా అప్పుడు యాత్రికుల్ని తిప్పే చక్రాల రైలు ఒకటి గంట కొట్టుకుంటూ మలుపు తిరిగి ఆమె మీదికి వచ్చినట్టే వచ్చింది. మస్తాన్ ఒక్క దూకు దూకి ఆమె భుజం పట్టి తన వైపు లాగేశాడు. ఆమె అతని చొక్కా రెండు చేతుల్తో పట్టుకుంది. రైల్లో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నా వేలు ఎప్పుడు నొక్కిందో నాకు తెలీదు. రైలు వెళ్ళిపోయాక కూడా వాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు. జరీనా ఎడమకాలి చెప్పు దూరంగా పడి ఉంది. "ఇప్పుడు తియ్యన్నా," అంది, కొంగు సవరించుకోకుండానే. "అయిపోయిందమ్మా," అన్నాను.

నెల తిరగకుండా వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఆ తర్వాత రెండు మూడుసార్లు సత్వా వెళ్ళాను. మా ఫొటోల రోజైన శుక్రవారం ఇప్పుడు పనిరోజైంది, సెలవు శనాదివారాలకి జరిగింది. మా పాత గదిలో ఇప్పుడు మంచానికొకడు పడుకుని వీడియోలో పెళ్ళాంతో మాట్లాడుతున్నాడు. ఆమెకి వాడి మంచం, ఆరేసిన బనీన్లు, సీలింగు మీద తడిమచ్చ, అన్నీ కనిపిస్తున్నాయి. దాచడానికేమీ లేదు, లబన్ తాగనక్కర్లేదు. ఇది మంచిదే. మా ఇళ్ళవాళ్ళకి మాత్రం ఆ తడిమచ్చ ఎప్పుడూ తెలీదు. వాళ్ళకి మేం నీలి సముద్రం పక్కన, గాలిమరల కింద, కోటు వేసుకుని కాలక్షేపం చేస్తున్నవాళ్ళం. వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళి ఉంటే ఏమనేవాళ్ళో కానీ, మా అమ్మ పోయేదాకా, ఎవరైనా అడిగితే, దుబాయ్‌లో గాలి బాగా వీస్తుందని చెప్పేది.

మొన్న మస్తాన్ ఫోన్ చేశాడు. కొత్త ఫొటోని పెద్దది చేయించి హాల్లో పెట్టారట. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూశారట. "ఎవురూ నమ్మడంలేదు పేపరన్నా," అన్నాడు. "పాతదే నిజం, ఇది అతికించింది అంటా ఉండారు. కొబ్బరిచెట్టు పీకేసినారు, కోట తిరగేసినారు అన్నారు. అన్నిటికన్నా ముందు, మస్తాన్ పెళ్ళాం పక్కన ఇంత దగ్గరగా ఎప్పుడు నిలబడినాడు, ఇదంతా కంప్యూటర్లో చేసిందే అంటా ఉండారు. మా పెద్దల్లుడు కూడా అట్టే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేం అంటా. నాకు మాటలు యాడొస్తాయి. ఉండు, ఆమె మాట్లాడతాదంట."

ఫోను చేతులు మారిన చప్పుడు. వెనక ఎవరో ఇంకా వాదిస్తున్నారు. జరీనా గొంతు నాతో కాదు, ఆ హాల్లో ఉన్నవాళ్ళతో అంటోంది. "మొహాలు చూసి ఏం తెలస్తాది మీకు? కిందకి చూడండబ్బా. కాళ్ళు చూడండి. ఒక దానికి చెప్పుంది, ఒక దానికి లేదు. అతికించేవోడైతే రెండు చెప్పులూ పెట్టడా?"